కూర్చునే చోటు

ఆదివారం సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు పడవలు లెక్కపెట్టడం నాకు అలవాటు. మేముండేది మేరీల్యాండ్‌లో, అనాపొలిస్‌కి కాస్త దక్షిణాన, సౌత్ రివర్ చెసపీక్ బేలో కలిసే చోటికి దగ్గర్లో. ఏప్రిల్ దాటిందంటే చాలు, నీళ్ళ మీద తెల్లటి తెరచాపలు కనిపిస్తాయి. దూరంగా థామస్ పాయింట్ దీపస్తంభం. 1875లో కట్టింది, ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన ఆరు పలకల ఇల్లు, నీళ్ళలో దిగి ఆగిపోయిన మనిషిలా ఉంటుంది. దానికీ మా ఒడ్డుకీ మధ్య తిరిగే పడవలు ఎన్నో మొదట్లో లెక్కపెట్టేవాణ్ణి. రాను రాను ఒక్కో పడవలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మొదలైంది. ఆ లెక్క నన్ను పట్టుకుని వదల్లేదు. ఆరుగురు పట్టే పడవలో ఒక్కడు. నలుగురి పడవలో ఒక్కడు. అందులోనూ దాదాపు అందరూ మగవాళ్ళు, నా వయసువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు. ఒక చేత్తో చుక్కాని పిడి, ఒక చేత్తో తాడు, ఎదురుగా ఖాళీ బల్ల. ఆ బల్ల ఎవరి కోసం పెట్టినట్టు?

వాళ్ళలో ఏ ఒక్కరూ ఒంటరిగా తిరగడానికి పడవ కొని ఉండరని నా నమ్మకం. పడవ కొనే మనిషి కళ్ళ ముందు ఎప్పుడూ నలుగురుంటారు. భార్య నవ్వుతూ కూర్చుని ఉంటుంది, పిల్లలు కాళ్ళు నీళ్ళలో ఆడిస్తుంటారు, డబ్బాలో పులిహోరో శాండ్‌విచ్చులో ఉంటాయి. ఆ బొమ్మ చూసుకునే డబ్బు కడతాడు. మరి రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఆ ముగ్గురూ ఎక్కడికి పోతారు? పిల్లలు పెద్దవాళ్ళయ్యారనో, పనులు పెరిగాయనో సరిపెట్టుకోవచ్చు. కానీ అదే పిల్లలు మాల్‌కి వస్తారు, బీచ్‌కి వస్తారు, పడవ దగ్గరికి వచ్చేసరికే వాళ్ళకి హోంవర్కు గుర్తొస్తుంది. ఇదంతా పక్కన నిలబడి చూసినవాడి మాట కాదు. చాలాకాలం ఆ ఒంటరి మగవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా మొదటి పడవ పదహారడుగుల రేసు పడవ. ఎవరో వాడి అమ్మేసినది. సన్నగా, తేలిగ్గా, నీటిని కోసుకుంటూ పోయేది. అందులో కూర్చోవడానికి విడిగా బల్లలంటూ లేవు. అంచున ఉన్న చదునైన డెక్కు మీద కూర్చుని, పడవ ఒరిగినకొద్దీ ఒంటిని బయటికి వంచాలి. నాకది సంతోషం. ఒళ్ళంతా పనిచేస్తుంది, గాలి తాడులోంచి అరచేతికి తెలుస్తుంది. జూన్‌లో ఒక మధ్యాహ్నం మా ఆవిడనీ, ఏడేళ్ళ పాపనీ ఎక్కించుకున్నాను. గాలి గంటకి పది పన్నెండు మైళ్ళకి మించి లేదు. నది మలుపు దాటగానే ఒక గాలి తోపు వచ్చింది, పడవ ఒరిగింది. నేను అలవాటుగా వెనక్కి వాలాను. మా ఆవిడ పట్టుకోవడానికి చెయ్యి చాపింది. పట్టుకునేందుకు అక్కడేమీ లేదు. నున్నటి ఫైబర్ అంచు, అంతే. ఆ చేతికి దొరికింది ఒక్కటే, తెరచాప తాడు. దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. పడవ లేవాలంటే ఆ క్షణంలో నేను వదలాల్సింది సరిగ్గా ఆ తాడే. "వదులు, వదులు" అని అరిచాను. పడిపోతున్న మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక ఆధారాన్ని వదిలెయ్యమంటే ఎలా వదులుతుంది? పాప ఏడవలేదు. తల్లి మొహం చూసి మెల్లిగా "పడిపోతున్నామా?" అని అడిగింది.

పడిపోలేదు. గాలి తగ్గింది, పడవ లేచింది, అరగంటలో రేవుకి వచ్చేశాం. ఎవరికీ గీత కూడా పడలేదు. "ఏమీ జరగలేదుగా" అని ఆ రాత్రి నేనన్న మాట. చాలాకాలం నాకది నిజమనే అనిపించింది. ఆవిడ మళ్ళీ రానని ఎప్పుడూ అనలేదు. "మీరు వెళ్ళి రండి, నాకు ఇంట్లో పనుంది" అనేది. పాపకి డాన్సు క్లాసు. ఒక శనివారం పని, ఇంకో శనివారం తలనొప్పి, మరో శనివారం ఎవరింట్లోనో వ్రతం. అన్నీ నిజమైన కారణాలే. రెండు వేసవులు గడిచాక ఒకరోజు తాడు పట్టుకుని నీళ్ళ మీద ఉండగా ఎదురుగా ఉన్న ఖాళీ చోటు చూశాను. ఆ రోజు జరిగింది అప్పటికి నాకు అర్థమైంది. జరగాల్సిందంతా ఆ అర నిమిషంలోనే జరిగిపోయింది. భయం పుట్టడానికి పడవ మునగనక్కర్లేదు. చేతికి ఏదీ అందకపోతే చాలు.

ఆ తర్వాతి ఏడాది మా అత్తగారు పాలకొల్లు నుంచి వచ్చారు. వచ్చినప్పుడల్లా ఆరు నెలలుంటారు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ పడవ దాకా వచ్చారు. టార్పాలిన్ తీసి చూపించాను. ఆవిడకి డెబ్బై ఒకటి, ఒక మోకాలు సరిగా వంగదు. గోదారి కాలవల పక్కన పుట్టి పెరిగిన మనిషి, పడవంటే కొత్త లేదు. లోపలికి వంగి అంతా పరికించి చూశారు. కొయ్యా తాళ్ళూ చూశారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

"ఎక్కడ కూర్చోను బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పడవ పొడవు చెప్పగలను, చాప కొలత చెప్పగలను, ఎంత గాలికి ఎంత వేగం పోతుందో చెప్పగలను. ఒక పెద్దావిడ వెన్ను ఆనించి ఎక్కడ కూర్చోవాలో చెప్పలేకపోయాను. అలాంటి చోటు ఆ పడవలో లేనే లేదు.

ఆ ప్రశ్న నేను విన్నది అదే మొదటిసారి కాదు. మా అమ్మమ్మది నరసాపురం. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్ళేటప్పుడు వశిష్ఠ గోదావరి దాటడానికి రేవు దగ్గర నిలబడి, పడవ ఎక్కేముందు అమ్మమ్మ పడవ నడిపే ఆయన్ని ఇదే అడిగేది. ఆయన కోప్పడేవాడు కాదు, తొందరపెట్టేవాడు కాదు. అంత జనంలోనూ ఆగి చూసేవాడు. "మామ్మగారూ, మీరిలా నడిమికి రండి, ఈ అడ్డబల్ల మీద. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకోండి. నువ్వు ఆ పక్కకెళ్ళవయ్యా." బరువైనవాళ్ళు ఒకచోట, పసివాళ్ళు ఒకచోట, బుట్టలు అడుగున. ఆ సర్దుడంతా బరువు సమంగా ఉండటానికని తర్వాత పెద్దయ్యాక తెలిసింది. కానీ అమ్మమ్మకి దానివల్ల అందింది వేరు. తన కోసం ఒక చోటుంది, ఆ చోటు చూపించిన మనిషి ఒకడున్నాడు. ఇక ఆవిడ గోదారిని చూసేది. దండం పెట్టి పైసలు వేసేది. భయపడే మనిషి నదిని చూడలేదు, అంచునే చూస్తూ కూర్చుంటుంది. ఇది అమ్మమ్మని చూసి తెలుసుకున్నానా, మా ఆవిడని చూసి తెలుసుకున్నానా? ఇద్దర్నీ కలిపి చూశాకే తెలిసిందనుకుంటా.

నరసాపురం ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. 17వ శతాబ్దంలో ఐరోపా కంపెనీల ఓడలు అక్కడ తయారయ్యేవి, బాగుపడేవి. అది చరిత్ర పుస్తకాల్లో సంగతి. మా ఇంట్లో పెద్దవాళ్ళ మాటల్లో ఉన్నవి రహదారి పడవలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు డెల్టా అంతా పరుచుకున్నాయి, వాటి మీద పడవ ప్రయాణం బతుకులో భాగమైపోయింది. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. రాత్రంతా ప్రయాణం. పాలగుమ్మి పద్మరాజు గారి 'పడవ ప్రయాణం' కథ చదివినప్పుడల్లా నన్ను కథ కంటే ముందు ఆ చీకటి, ఆ నెమ్మది పట్టుకుంటాయి. ఒక మనిషి తన బతుకంతా చెప్పుకునేంత నెమ్మది. ఆ పడవలు ఎవరి సౌఖ్యం కోసమూ కట్టినవి కావు, బియ్యం బస్తాల కోసం కట్టినవి. అయినా వాటిలో మనుషులు పడుకున్నారు, వండుకున్నారు, పిల్లలకి పాలిచ్చారు. ఎందుకు కుదిరింది? పడవవాడు తనే అందులో రోజంతా, రాత్రంతా ఉండాలి కాబట్టి అనిపిస్తుంది. మనిషి ఎక్కువసేపు ఉండే చోటు తనంతట తనే మనిషికి తగ్గట్టు మారుతుంది. రెండు గంటల పందెం కోసం కట్టిన పడవకి ఆ అవసరం రాదు. ఈ ఆలోచన పూర్తిగా నిజమో కాదో అప్పటికి నాకు తెలీదు. కానీ ఇంట్లోవాళ్ళంతా కూర్చోగలిగే పడవ వెతకడం దీంతోనే మొదలుపెట్టాను.

ముందు ఇంట్లో కుర్చీలు కొలిచాను. మా అత్తగారు ఏ కుర్చీలో గంటసేపు కదలకుండా కూర్చుని సీరియల్ చూస్తారో, దాని ఎత్తు, లోతు, వీపు దగ్గర పలక ఎంతవరకు వస్తుందో టేపుతో చూసి కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని అక్టోబరులో అనాపొలిస్ పడవల ప్రదర్శనకి వెళ్ళాను. 1970లో మొదలైన పెద్ద ప్రదర్శన అది. అందరూ చాప ఎత్తే స్తంభాల, అంటే మాస్టుల వైపు తలెత్తి చూస్తుంటే నేను బల్లల దగ్గర వంగి కొలుచుకున్నాను. చాలా పడవల్లో వీపు ఆనే పలక అయిదారు అంగుళాలకి మించదు. అది నడుము కింద గుచ్చుకుంటుంది, అరగంట తర్వాత నరకం. పన్నెండు అంగుళాలైనా ఉండాలి, కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఇక కాళ్ళు. పడవ ఒరిగినప్పుడు మనిషిని నిలబెట్టేది చేతుల కంటే ముందు కాళ్ళు. ఎదురుగా ఏదో ఒకటి పాదానికి తన్నిపెట్టుకునేలా ఉంటే ఒళ్ళు స్థిమితంగా ఉంటుంది. ఎదుటి బల్ల మరీ దూరమైతే పాదం గాల్లో ఉండిపోతుంది. మూడోది బూమ్, చాప అడుగున ఉండే అడ్డకొయ్య. పడవ మలుపు తిరిగినప్పుడల్లా అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తలల మీదుగా పోతుంది. కూర్చున్న మనిషి తల మీద జానెడు జాగా ఉంటే ఆ మలుపు ఆట. లేకపోతే ప్రతి మలుపుకీ "తల, తల" అని అరవాలి. అలా అరిచిన ప్రతిసారీ భయం ఇంకాస్త పెరుగుతుంది.

ఒరగడం గురించి కూడా చాలా ఆలోచించాను. పడవ నిలకడ రెండు రకాలు. ఒకటి వెడల్పు వల్ల వచ్చేది, నేల మీద వేసిన పీటలాగా. కాస్త బరువు పక్కకి జరిగినా కదలదు. మరీ ఎక్కువ ఒరిగిందా, ఆ నిలకడ ఒక్కసారిగా చేజారుతుంది. రెండోది అడుగున కట్టిన బరువు వల్ల వచ్చేది, తంజావూరు బొమ్మలాగా. చిటికెన వేలితో తోసినా ఒరుగుతుంది, కానీ ఎంత తోసినా మళ్ళీ లేస్తుంది. సముద్రం మీదికి పోయేవాళ్ళు రెండోదాన్నే నమ్ముతారు, అది న్యాయమే. అయితే పడవ నడిపేవాడికి భయం ముప్పై డిగ్రీల దగ్గర మొదలైతే, ఊరికే కూర్చున్న మనిషికి పది డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. "ఇది తిరగబడదు, లెక్క ప్రకారం తిరగబడదు" అని ఎంత చెప్పినా ఆ పది డిగ్రీల దగ్గర గుండె వినదు. లెక్క నాకు తెలుసు, ఆవిడకి ఒరగడం తెలుసు. ఇద్దరిలో ఎవరి మాట పడవ వినాలి?

ఇలా వెతుకుతున్న రోజుల్లోనే నథానియల్ హెరెషాఫ్ గురించి చదివాను. రోడ్ ఐలండ్‌లో బ్రిస్టల్ అనే ఊళ్ళో పడవలు కట్టిన మహానుభావుడు. అమెరికాస్ కప్ పందేల కోసం ఆయన గీసిన పడవల్లో 1903 నాటి రిలయన్స్ ముందుకి పొడుచుకొచ్చిన కొయ్య కొస నుంచి వెనక బూమ్ కొస దాకా 201 అడుగులు. అంత పెద్ద రాకాసి పడవ గీసిన చేత్తోనే 1914లో, అరవై ఆరేళ్ళ వయసులో, పదహారడుగులైనా నిండని చిన్న పడవ గీశాడు. మసాచుసెట్స్‌లో బజార్డ్స్ బే ఒడ్డున ఉండే కుటుంబాల పిల్లలు తెరచాప నేర్చుకోవడానికి. అక్కడ వేసవి మధ్యాహ్నాలు నైరుతి గాలి గట్టిగా కొడుతుంది, అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ఆ పడవ మొత్తం బరువు 1500 పౌన్లయితే అందులో దాదాపు సగం అడుగున పోసిన సీసమే. నీటి గీత దగ్గర పొడవు పన్నెండున్నర అడుగులు, అందుకే ఈనాటికీ దాన్ని ట్వెల్వ్ అండ్ హాఫ్ అనే పిలుస్తారు. ఒకరి పడవ రేవులో కట్టి ఉంటే అనుమతి అడిగి లోపల కూర్చున్నాను. చుట్టూ వంపు తిరిగిన ఓక్ చెక్క పలక, పిల్లవాణ్ణి చంకనెత్తుకున్న చెయ్యిలాగా ఉంది. నీళ్ళ మీద కాదు, నీళ్ళలో కూర్చున్నట్టుంది. ఆ చెక్క అంచు మీద అరచెయ్యి వేశాను. వందేళ్ళుగా ఎందరో చిన్న చేతులు పట్టుకున్న అంచు అది, నున్నబడి, గుండ్రమై, వేళ్ళకి సరిగ్గా అమరింది. మా ఆవిడ చేతికి ఆ రోజు దొరకనిది ఇదే. అంత పెద్ద మేధావి, జీవితం చివరి భాగంలో కూర్చుని, ఒక పిల్లవాడి చెయ్యి ఎక్కడ పడుతుందో ఆలోచించాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మరి అదే ఎందుకు కొనలేదు? మా చిన్నవాడితోనూ అత్తగారితోనూ కలిపి మేం అయిదుగురం. అత్తగారొచ్చినప్పుడు అందరం ఎక్కితే అందులో ఊపిరాడదు. ఎండకి నీడ లేదు. రెండున్నర అడుగుల లోతు కావాలి, మా వాగు కొసన ఆటు సమయంలో అంత ఉండదు. చెసపీక్ రెండొందల మైళ్ళ పొడవున్న బే అయినా సగటు లోతు ఇరవై ఒక్క అడుగులే. వాగుల్లోనైతే చాలాచోట్ల నడుముల్లోతు, అడుగున మెత్తటి బురద. మనసు దాని మీదే ఉన్నా వదులుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఫ్లయింగ్ స్కాట్ మీద పడ్డాను. అది దశాబ్దాలుగా మేరీల్యాండ్ పడమటి కొండల్లో తయారైన పడవ. గోర్డన్ డగ్లస్ అనే ఆయన 1945లో థిసిల్ అనే చురుకైన పందెం పడవ గీశాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1957లో, కుటుంబమంతా కూర్చునేలా ఈ పందొమ్మిది అడుగుల పడవ గీశాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఇయాన్ ప్రాక్టర్ వేఫేరర్ అనే పడవ గీశాడు, అదీ కుటుంబాల కోసమే. సముద్రానికి ఇటూ అటూ ఇద్దరు మనుషులు ఒకే ఏడు ఒకే సంగతి ఆలోచించారు. ఇంటింటికీ కారు వచ్చిన కాలం, కారు వెనక ట్రైలరు వచ్చిన కాలం. స్కాట్ బరువు 850 పౌన్లు. అడుగున దింపే సెంటర్‌బోర్డు పైకి లాగేస్తే ఎనిమిది అంగుళాల నీళ్ళు చాలు. లోపల విశాలం, అయిదుగురికి హాయిగా చోటు. ఒక మిత్రుడి పడవలో మా పాపని తీసుకెళ్ళాను, దానికి చాలా నచ్చింది. అయినా నా మనసు ఒక్కచోట ఆగిపోయింది. అడుగున బరువు కట్టిన పడవ కాదది. నడిపేవాడు పొరపాటు చేస్తే తిరగబడుతుంది. నైపుణ్యం ఉన్నవాళ్ళు మళ్ళీ లేపుకుంటారు, దానికి పెద్ద భయపడనక్కర్లేదు. కానీ మా బేలో జులై నుంచి జెల్లీ చేపలు నిండి ఉంటాయి, ఒంటికి తగిలితే మంట. వంగని మోకాలితో ఉన్న పెద్దావిడ ఆ నీళ్ళలో పడితే? నా నైపుణ్యం మీద పందెం కాసి ఆవిడని కూర్చోబెట్టే హక్కు నాకుందా? పిల్లలు పెద్దవాళ్ళై, అందరూ ఈతగాళ్ళైన ఇంటికి ఇంతకంటే మంచి పడవ లేదని ఇప్పటికీ అంటాను. మా ఇంటికి కాదు.

చివరికి నా చూపు క్యాట్‌బోట్ మీద నిలిచింది. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ ఒడ్డున 19వ శతాబ్దంలో చేపలు పట్టేవాళ్ళు వాడిన పడవ. ఓస్టర్‌విల్‌లో క్రాస్బీ కుటుంబం తరాల తరబడి వీటినే కట్టింది. ఇసుక తిన్నెల మధ్య లోతు లేని నీళ్ళు కాబట్టి అడుగు చదును. వల లాగడానికి, సరుకు పోసుకోవడానికి వెడల్పు. ఎంత వెడల్పంటే పొడవులో దాదాపు సగం. ఒకే మాస్టు, అదీ ముక్కు కొసన. ఒకే చాప. ఒంటరి జాలరి ఒక్క చాపే చూసుకోగలడు కదా. వేసవిలో పట్నాల నుంచి కుటుంబాలు దిగినప్పుడు అదే జాలర్లు అవే పడవల్లో వాళ్ళని షికారు తిప్పేవారు. పని పడవే ఇంటిల్లిపాది పడవైంది. రహదారి పడవల గురించి నేననుకున్న మాట అంత దూరంలో, ఏ సంబంధమూ లేని ఒడ్డున, నిజమైంది.

నేను కొన్నది పాత శాండర్లింగ్. 1960ల నుంచి ఫైబర్‌గ్లాసులో కడుతున్న నమూనా. పద్దెనిమిది అడుగుల రెండంగుళాల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, పందొమ్మిది అంగుళాల నీళ్ళుంటే తేలుతుంది. వెడల్పుకి తోడు అడుగున కొంత బరువు కూడా వేశారు, అంటే పీటా బొమ్మా రెండూ కొంత కొంత. చుట్టూ ఎత్తయిన పలక, వెన్ను ఆనుతుంది, చెయ్యి పట్టుకుంటుంది. సెంటర్‌బోర్డు దిగే పెట్టె కూర్చునే చోటు మధ్యలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. చూసినప్పుడు అడ్డమనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, పాదం తన్నిపెట్టుకోవడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. ముందు భాగంలో చిన్న గది. నిలబడలేం, కానీ ఒక పిల్లవాడు పడుకుంటాడు. ఎండ నెత్తికెక్కినప్పుడు పెద్దావిడ నీడన కూర్చుంటారు. తలుపు తెర వేసుకుంటే లోపల ఒక చిన్న టాయిలెట్ పెట్టె. ఈ సంగతి పడవల పుస్తకాల్లో చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది, మొదటి పేజీలో ఉండాలి. పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా కూర్చుని, తలనొప్పి తెచ్చుకుని, ఒక్క మాటా చెప్పకుండా ఇంటికొచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో. మా ఇంట్లో ఇద్దరు. ఆ ఒక్క తెర వల్ల మేం నీళ్ళ మీద ఉండే సమయం గంటన్నర నుంచి నాలుగు గంటలైంది.

దానికి లోపాలున్నాయి, దాచను. గాలికి ఎదురు పోవడంలో బద్ధకం. గాలి పెరిగితే చుక్కాని చేతిని ఊడలాగుతుంది. అందుకే పెరగకముందే చాప కింది భాగం మడిచి కట్టెయ్యాలి, రీఫ్ చెయ్యాలి. ఎప్పుడు చెయ్యాలో నేను గాలిని చూసి నిర్ణయించడం మానేశాను. మా ఆవిడ మాటలు ఆగిపోయాయంటే అదే గుర్తు, వెంటనే మడిచేస్తాను. వెనక చిన్న మోటారు ఉంది. జులైలో గాలి చచ్చిపోయినా అన్నం వేళకి ఇంటికి చేరతామన్న నమ్మకం కూడా సౌఖ్యంలో భాగమే. మధ్యాహ్నం మూడు దాటాక పడమట నల్లమబ్బు లేస్తే ఇక ఆలోచన లేదు, తిరుగుముఖం. ట్రైలరు మీద ఇంట్లో పెట్టుకుంటే అద్దె మిగులుతుంది గానీ, ప్రతిసారీ మాస్టు నిలబెట్టి, తాళ్ళు బిగించి, నీళ్ళలోకి దింపేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంట ఎండలో నిలబడ్డ పిల్లలకి ఉత్సాహం మిగలదు. అందుకే రేవులోనే కట్టి ఉంచుతాను. పది నిమిషాల్లో బయల్దేరతాం. ఈ రాష్ట్రంలో ఇరవై ఒక్క అడుగుల లోపు పడవలో పదమూడేళ్ళు నిండని పిల్లలు లైఫ్‌జాకెట్ వేసుకోవాలని చట్టం. మేం అందరం వేసుకుంటాం, నేను కూడా. పెద్దవాళ్ళు వేసుకుంటే పిల్లలు అడగరు.

ఒక్క సందేహం మాత్రం చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. వేగం నాకు నిజంగా ఇష్టం. ఒరిగిన పడవ అంచున ఒళ్ళు వేలాడేసి, చెంపకి నీటి తుంపర కొడుతుంటే కలిగే ఆనందం చిన్నది కాదు. ఆ రేసు పడవని అమ్మేసి ఈ వెడల్పాటి పడవ కొనుక్కోవడం త్యాగమా? త్యాగమైతే ఏదో ఒకరోజు నా మొహంలో కనిపిస్తుంది, వాళ్ళు కనిపెడతారు. దీనికి జవాబు ఆలోచనలో దొరకలేదు, పడవలోనే దొరికింది. అత్తగారు మళ్ళీ వచ్చాక, మే నెలలో మొదటిసారి అయిదుగురం బయల్దేరాం. ఎక్కేముందు, గోదారి రేవులో ఆ పడవాయన చేసినట్టే, ఒక్కొక్కరికీ చోటు చూపించాను. అత్తగారికి గది తలుపు పక్కన, వీపుకి దిండు, పాదానికి పెట్టె. మా ఆవిడకి ఎదురుగా, గాలి వచ్చే వైపు. పాపకి నా పక్కన, చుక్కాని పిడి మీద ఒక చెయ్యి. మా చిన్నవాడికి ముందు గదిలో. నది నోటి దగ్గర గాలి అందుకుంది, పడవ కొద్దిగా ఒరిగింది. మా ఆవిడ చెయ్యి చెక్క పలక మీదికి వెళ్ళింది. పట్టుకుంది. రెండు నిమిషాల తర్వాత చూస్తే చెయ్యి అక్కడ లేదు, ఒళ్ళో ఉంది. ఆవిడ దీపస్తంభం వైపు చూస్తోంది. "అందులో మనుషులుండేవారాండీ?" అని అడిగింది. కొన్నేళ్ళుగా నా పడవ మీద ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. ఉండేవారని, 1986 దాకా దీపం చూసుకునే మనుషులు అందులోనే కాపురం ఉన్నారని చెప్పాను. అత్తగారు సంచీ తీసి పావలా బిళ్ళ వెతికి, దండం పెట్టి నీళ్ళలో వేశారు. అప్పుడు నేను వేగం గురించి ఆలోచించడం లేదు.

పడవ కొనాలనుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. నచ్చిన పడవ దొరికాక వెంటనే నీళ్ళ మీదికి పోకండి, ధర కూడా మాట్లాడకండి. రేవులో కట్టి ఉండగానే ఇంట్లోవాళ్ళందర్నీ అందులో గంటసేపు ఊరికే కూర్చోబెట్టండి. కాఫీ తెచ్చుకోండి. చాప తాళ్ళ సంగతి ఎత్తకండి. ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడే మనిషి చెయ్యి ఎక్కడ పెట్టుకుంటుందో చూడండి. ఆ చేతికి ఏమీ అందకపోతే, ఆ పడవ ఎంత అందమైనదైనా సరే, వదిలేసి ఇంకోటి చూడండి.